బోర్డు మీది పేరు ఎవరిది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు, చదువు విలువ గురించో క్రమశిక్షణ గురించో రాస్తామని అనుకొని ఉంటారు. అవి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము దుకాణం పేరు గురించి రాద్దామనుకున్నాం. నవ్వకండి. ఇక్కడ చదివి వెళ్లినవాళ్లలో ఉద్యోగాలు వచ్చింది కొందరికే. మిగతావాళ్లు టైలరింగ్ షాపులు, సెల్ రిపేరు షాపులు, జిరాక్స్ సెంటర్లు, టిఫిన్ సెంటర్లు పెట్టుకొని బతుకుతున్నారు. ఈ సంచికలో వాళ్ల సంగతి ఇంతవరకూ ఎవరూ రాసినట్టు మాకు గుర్తు లేదు.

మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఎం.కాం. చదువుతున్నాం. మా నాన్నల పేరు మీద పట్టాదారు పాసు పుస్తకం లేదు, ఇంటి కాగితం కూడా సరిగ్గా లేదు. అలాంటి ఇంటి పిల్లవాడు ఒక దుకాణం పెట్టి, నాలుగేళ్లు కష్టపడి మంచి పేరు తెచ్చుకుంటే, ఆ పేరే అతని మొదటి ఆస్తి. దానికీ కాగితం కావాలని మనకు ఎవరూ చెప్పలేదు.

మా సీనియర్ అన్న ఒకడు జిల్లా కేంద్రంలో బస్టాండు ఎదురుగా టిఫిన్ సెంటర్ పెట్టాడు. హాస్టల్లో మన మంచాల కింద ఉండే ఒక వస్తువు పేరే దానికి పెట్టుకున్నాడు. తగాదా నడుస్తోంది కనుక ఆ పేరు ఇక్కడ అచ్చు వేయడం లేదు. మీలో చాలామంది అక్కడ పెసరట్టు తిన్నవాళ్లే, మీకు తెలుసు. ఆ పేరు వినగానే జనం నవ్వేవారు, నవ్వినవాళ్లు మర్చిపోయేవారు కాదు. వ్యాపారం నిలదొక్కుకుంది. రెండో ఏడాది తిరగకముందే నాలుగు షాపుల అవతల అదే పేరు, ముందు ‘న్యూ’ అని తగిలించి, ఇంకా పెద్ద బోర్డుతో, ఏసీతో ఒకటి వెలిసింది. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఇది దాని కొత్త బ్రాంచి అనుకొని అటే వెళ్లడం మొదలుపెట్టారు.

అన్న ధైర్యంగానే ఉన్నాడు. తన దగ్గర రిజిస్ట్రేషన్ ఉందన్నాడు. తెచ్చి చూపిస్తే అది ఉద్యమ్ సర్టిఫికెట్టు. ఒక ఇంటర్నెట్ సెంటర్ వాళ్లు పదిహేను వందలు తీసుకొని చేసి పెట్టి, ఇక ఈ పేరు నీదే అని చెప్పారట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. అది పేరు మీద హక్కూ ఇవ్వదు, నీది చిన్న పరిశ్రమ అని మాత్రమే చెబుతుంది. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఆహార భద్రతా లైసెన్సు, జీఎస్టీ నంబరు, బ్యాంకులో కరెంటు ఖాతా, ఇవన్నీ అంతే. ప్రతి దాని మీదా దుకాణం పేరు ఉంటుంది, ఏదీ ఆ పేరును కాపాడదు. అదే పేరుతో పక్క వీధిలో ఇంకొకరికి ఇంకో లైసెన్సు ఇవ్వడానికి ఆ ఆఫీసులకు ఏ అడ్డంకీ లేదు.

పేరును కాపాడేది 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం. ఒక్కడే నడుపుకొనే దుకాణానికి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు, దుకాణం అంటే దాని యజమానే. కనుక దరఖాస్తు కూడా మనిషి పేరు మీదే వేయాలి. సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. హోటళ్లు, టిఫిన్ సెంటర్లు 43వ తరగతి, రెడీమేడ్ బట్టలు 25. వ్యక్తిగతంగా ఆన్‌లైన్లో వేస్తే ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. మన రెండు రాష్ట్రాలకూ సంబంధించిన రిజిస్ట్రీ చెన్నైలో ఉంది, అయినా రైలు ఎక్కనక్కర లేదు. ముందుగా అదే వెబ్‌సైటులో ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో ఉచితంగా వెతుక్కోవచ్చు. పరిశీలన అయ్యాక పేరును జర్నల్‌లో ప్రకటిస్తారు. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే రిజిస్టరు అవుతుంది. పదేళ్లు ఉంటుంది, మళ్లీ రెన్యువల్ చేసుకోవచ్చు. రిజిస్టరు కాకముందు పేరు పక్కన టీఎం అని రాసుకోవచ్చు కానీ, వలయంలో ఆర్ అక్షరం వేసుకోవడం తప్పు. మన ఊరి ఫ్లెక్సీల వాళ్లు అందంగా ఉంటుందని అదీ వేసేస్తారు, చూసుకోండి.

మరి అన్న పని అయిపోయినట్టేనా? కాదు. రిజిస్టరు చేయకపోయినా, ముందునుంచి వాడుతూ మంచి పేరు తెచ్చుకున్నవాడికి కోర్టు రక్షణ ఉంది. అహ్మదాబాదులో ముక్తజీవన్ కలర్ ల్యాబ్ అనే ఫోటో స్టూడియో పేరును ఇంకొకరు వాడుకోబోతే, కింది కోర్టులు ఆపనన్న దాన్ని 2001లో సుప్రీంకోర్టు ఆపింది. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా సంగతి ఇంకా బాగుంటుంది. ఇరుట్టుక్కడై అంటే చీకటి కొట్టు అని అర్థం. అలాంటి పేరు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అవతలివారి దగ్గరా రిజిస్ట్రేషన్ ఉందన్న వాదన వచ్చినా, ముందునుంచి వాడుతున్నవారి హక్కే పెద్దదని 2015లో తీర్పు వచ్చింది. అయితే ముందు మేమే అని రుజువు చేసుకోవాలి. ఆ రుజువుల కోసం తిరిగే ఖర్చుతో పోలిస్తే 4,500 చిన్న మొత్తమే.

ఇక పేరు పెట్టుకోవడం గురించి మా అభిప్రాయం చెబుతాం. కొందరు సీనియర్లకు ఇది నచ్చకపోవచ్చు.

మనవాళ్లు దుకాణం పెడితే శ్రీ లక్ష్మి అనో, శ్రీ సాయి అనో పెడతారు. అందులో భక్తి ఎంత, భయం ఎంత? సొంత పేరు రాస్తే ఎవరి దుకాణమో తెలిసిపోతుంది, తెలిస్తే కొనేవాళ్లు ఆగిపోతారు అన్న భయం మనకు తెలియనిది కాదు. అంబేద్కర్ గారంతటి వారు విదేశాల్లో చదివి వచ్చి పెట్టుబడుల సలహా వ్యాపారం పెడితే, ఆయన కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. వందేళ్లు గడిచాయి. టిఫిన్ సెంటర్ విషయంలో ఆ భయం అబద్ధమని మేము చెప్పలేం. కానీ దేవుడి పేరు వెనక దాక్కుంటే ఆ పేరు ఎప్పటికీ మనది కాదు. వెయ్యి బోర్డుల మీద ఉన్న పేరును నాదొక్కడిదే అంటే ఎవరు ఒప్పుకొంటారు? అగరబత్తులకు పెట్టుకున్న రామాయణ్ అన్న పేరు ఒక్కరి సొత్తు కాదని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జై భీమ్ అని పెట్టుకొనే తమ్ముళ్లకూ ఇదే మాట. లోపల గోడకు ఫోటో పెట్టుకోండి, మేమూ దండ వేస్తాం. బోర్డు మీద మాత్రం అందరి పేరు కాకుండా మీ ఒక్కరిదే అయిన పేరు ఉండాలి.

రుచి, నాణ్యత, ఫ్రెష్ లాంటి మాటలు కూడా వద్దు. సరుకు గుణాన్ని చెప్పే మాటను ఒక్కరికే రాసివ్వడానికి చట్టం మామూలుగా ఒప్పుకోదు. పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి పెట్టడమైతే ఇంకా ప్రమాదం. ఆ కంపెనీ నోటీసు పంపిన రోజున బోర్డు దించడంతో పాటు, అప్పటిదాకా వచ్చిన మంచి పేరూ పోతుంది. సరుకుతో సంబంధం లేని మాట, విన్నవాడు మర్చిపోలేని మాట అయితే బలం ఎక్కువ. మంచం కింది వస్తువు పేరు అందుకే మంచి పేరు. అన్న చట్టం చదివి పెట్టలేదు, ఏమీ తోచక పెట్టాడు.

తోపుడు బండి పెట్టిన ప్రతివాళ్లూ రేపే 4,500 కట్టాలని మేము అనడం లేదు. ఆ డబ్బుతో గ్యాసు సిలిండర్లు వస్తాయి. వ్యాపారం నిలుస్తుందో లేదో తెలియని మొదటి నెలల్లో అది తొందరపాటు కూడా. కానీ మొదటి రోజు నుంచే పేరున్న బిల్లు పుస్తకం, ఫ్లెక్సీ వేయించిన రసీదు, తేదీ తెలిసే ఫోటోలు దాచుకోండి. వీటికి ఖర్చు లేదు. దుకాణం ఒక ఏడాది నిలిచిందంటే ఇక ఆలస్యం చేయవద్దు.

అన్న ఇప్పుడు దరఖాస్తు వేస్తున్నాడు. పేరు ఎప్పటినుంచి వాడుతున్నారో చెబితే, దానికి అఫిడవిట్టూ ఆధారాలూ జతచేయాలి. బోర్డు రసీదు వానకు తడిసి అక్షరాలు పోయాయి. ప్రారంభం రోజున మన హాస్టల్ వాళ్లు ముప్పై మందికి పైగా వెళ్లారు, వార్డెన్ గారే రిబ్బను కత్తిరించారు. బోర్డు కనిపించేలా ఆ రోజు ఫోటో తీసినవాళ్లు ఎవరైనా ఉంటే, తీసిన తేదీ చెరిగిపోకుండా అసలు ఫైలే అన్నకు పంపండి. ఫోన్ మార్చినవాళ్లు పాత ఫోన్లు కూడా ఒకసారి వెతకండి.