గ్రీకు కూజా, కొండాపురపు పళ్లెము

ప్రాచీన గ్రీకు కూజాలను పోలునట్లు చేసి అమ్మెడి పాత్రలనిన మన పండితులకు చిన్నచూపు కలదు. అనుకరించుటయే దోషమని నే ననుకొనను; రూపమును మాత్రము గ్రహించి, విద్యను విడిచిపెట్టుట దోషము.

క్రీ. పూ. 6, 5 శతాబ్దములలో ఏథెన్సు కుమ్మరులు చేసిన కూజాలయందలి నలుపు, పైని పూసిన రంగు గాదు. ఇనుము కలిగిన బంకమట్టినే నీట కలిపి తేర్చి, అందలి మిక్కిలి సన్నని భాగముతో చిత్రము తీర్చి, ఆవమునందు మొదట గాలి ఆడనిచ్చి, పిదప గాలిని బిగించి పాత్రనంతయు నల్లబఱచి, తుదకు మరల గాలి విడిచినప్పుడు, పూసిన భాగము గాజువలె బిగిసియుండుటచేత నల్లగనే నిలువగా, తక్కిన మట్టి యెఱ్ఱబాఱును. నల్లని ఎనామిల్ పూసి దానిమీద ఎఱ్ఱని వీరుని నిలిపిన కూజా కంటికి ఇంపుగ నుండవచ్చును గాని, అందు ఈ విద్య లేదు. 1769లో ఇంగ్లండునందలి ఎట్రూరియా కర్మాగారము తెఱచిన దినమున జొసయ్యా వెడ్జ్‌వుడ్ చేసిన కూజాలును నల్లని మట్టిపై ఎఱ్ఱరంగుతో చిత్రించినవే. అయినను ఆయన తన పేరును, తేదీని వానిపై స్పష్టముగ వ్రాయించెను. ఆ నిజాయితీ నాకు గౌరవపాత్రము.

మనకీ నిప్పు రహస్యము కొత్తది గాదు. తెలంగాణపు బృహచ్ఛిలాయుగ సమాధులలో దొరకు పాత్రలు లోపల నలుపు, వెలుపల ఎఱుపు. గాలి తగిలినచోట ఒక వర్ణము, తగులనిచోట మఱియొకటి. 1940 దశకపు తొలినాళ్లలో గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున నిజాము పురావస్తుశాఖవారు త్రవ్వించిన కొండాపురమున, శాతవాహనుల కాలపు నాణెములతోపాటు రౌలెటెడ్ పాత్రలును లభించినవి. నున్నని నల్లని మెఱుగు, లోనికి వంగిన అంచు, పళ్లెపు అడుగున వలయములుగ తీర్చిన సన్నని గాట్లు గల యీ పాత్రలను, 1945లో అరికమేడు త్రవ్వించిన వీలర్ మధ్యధరా తీరమునుండి దిగుమతియైన వనుకొనెను. తరువాతి మట్టి పరీక్షలు అవి ఈ దేశపు మట్టితోనే చేయబడినవని తేల్చినవి. పరదేశపు తీరును మనవారు చూచి నేర్చిరో లేదో పండితులు వాదింతురుగాక! నేర్చినను తమ మట్టితో, తమ ఆవములో నేర్చిరనుటయందు నాకు సందేహము లేదు.

కొండాపురపు వస్తుసంపద నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు మ్యూజియమునందు కలదు. 1938లో అదే తోటలో ఆరంభమైన నుమాయిష్ అను వస్తుప్రదర్శనము ఇప్పుడు ఏటేట జనవరిలో దాని చేరువనే జరుగుచున్నది. అక్కడికిని, ఆబిడ్సు అంగళ్లకును గృహాలంకారములు కొన వచ్చువారికి కొదువ లేదు. మ్యూజియమువారు మన కుమ్మరులను పిలిపించి, ఆ పాత్రలను చేతికిచ్చి చూపి, ఆ పద్ధతినే కాల్చిన ప్రతులు చేయించి, ప్రతిదాని అడుగున అనుకరణమని, చేసినవాని పేరును, సంవత్సరమును ముద్రించి అమ్మింపవలెను. కొనువారును పాత్రను బోర్లించి, ఆ పేరు చూచియే వెల చెల్లింపవలెనని నా మనవి.