తరగతికి ముగ్గురు

పిల్లలూ! పంచాయతీ ఎన్నికలప్పుడు వేమూరును వార్డులుగా విభజించి, వార్డుకొక సభ్యుణ్ణి ఎన్నుకుంటారు గదా! ఎందుకని? ఊరంతా ఒక్కటిగా ఓటు వేస్తే, జనం ఎక్కువగా ఉన్న పేటవారే అన్ని స్థానాలూ గెలవవచ్చు. అప్పుడు ఊరి చివర వీధిదీపం వెలగకపోతే అడిగేవారెవరు?

మన రాష్ట్రంలో సర్కారు బడికి కూడా ఇటువంటి ఎన్నికే ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. ఇక్కడ వార్డు అంటే తరగతి అన్నమాట! ఒక్కొక్క తరగతి పిల్లల తలిదండ్రులు తమలో ముగ్గురిని ఎన్నుకుంటారు. అయిదు తరగతులుంటే 15 మంది. కమిటీలో సగంమంది స్త్రీలు ఉండాలి. ఒకటో తరగతి బుజ్జాయి తల్లికీ, అయిదో తరగతి పిల్లవాడి తండ్రికీ అక్కడ మాట సమానమే.

ఎక్కడో అమెరికాలోని కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలున్నాయి. వాటి పాలకమండళ్ళను కూడా ప్రజలే ఎన్నుకుంటారు. చాలాచోట్ల ప్రాంతానికొకరు చొప్పున. దేశం వేరైనా కిటుకు ఒక్కటే!

బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతున్నదో చూడటం, బడి అభివృద్ధికి ప్రణాళిక వేయటం ఈ కమిటీ పనులు. బడిలో కుళాయి చెడిపోతే మీ తరఫున అడగవలసినదీ వీరే.

ఈ రాత్రి అన్నాల దగ్గర అమ్మనూ నాన్ననూ అడగండి: "మా తరగతి ముగ్గురూ ఎవరు?" వారికి తెలియకపోతే, ఈసారి ఎన్నిక నాడు పొలానికి ఒక పూట ఆలస్యమైనా సరే, బడికి రమ్మనండి.