కొల్లేటి మాటకు బోర్డులో కుర్చీ ఏదీ?

(మా గ్రామీణ విలేకరి)

కైకలూరు: మొన్న ఒక ఉదయం ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర టీ బడ్డీ ముందు కూర్చుని ఉండగా ఒక పెద్దాయన పలకరించారు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. లంక గ్రామం మనిషి. పుట్టింది మొదలు వల, దోనె, మావు తప్ప మరో బతుకు ఎరుగరు.

"ఏవండీ విలేకరిగారూ, మా కొల్లేటి సంగతి పైన బోర్డువాళ్లు చూస్తారంట గదండీ. ఆ బోర్డు ఎక్కడుంటాదండీ? మా గోడు చెప్పుకోడానికి ఏ రోజు రమ్మంటారండీ?" అని అడిగారు.

ఏళ్ల తరబడి ఈ పేజీకి కొల్లేటి వార్తలు పంపుతున్న నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నీళ్లు నమిలాను. "కనుక్కుని చెబుతాను బాబాయిగారూ" అన్నాను. కనుక్కున్నాను. ఆయనకు చెప్పవలసిన జవాబు పదిమందికీ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

బోర్డులో ఎవరుంటారు?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక వన్యప్రాణి బోర్డు ఉండాలి. ముఖ్యమంత్రి అధ్యక్షులు. అటవీ శాఖ మంత్రి ఉపాధ్యక్షులు. ముగ్గురు శాసనసభ్యులు, స్వచ్ఛంద సంస్థల నుంచి ముగ్గురు, పేరుమోసిన పర్యావరణవేత్తలూ వన్యప్రాణి నిపుణులూ పదిమంది సభ్యులు. ఆ పదిమందిలో కనీసం ఇద్దరు షెడ్యూల్డు తెగలవారు ఉండాలి. ఇక మిగిలినవారంతా అధికారులు. అటవీ, గిరిజన సంక్షేమ, పశుసంవర్ధక, మత్స్య శాఖల వారు, పోలీసు, సైన్యం, పర్యాటక సంస్థ ప్రతినిధులు వగైరా. ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలని కూడా చట్టంలో ఉంది.

జాబితా చదివితే ముచ్చటగానే ఉంది. సైన్యం నుంచి బ్రిగేడియరు హోదా గలవారు వచ్చి కూర్చుంటారు. పోలీసు శాఖ నుంచి ఐ.జి. హోదా గలవారు వస్తారు. వారు రావద్దని ఎవరూ అనరు. కాని సరస్సు నీళ్లలో పుట్టి, ఆ నీళ్లలోనే పెరిగి, ఏ నెలలో ఏ పక్షి ఏ చెట్టు మీద వాలుతుందో లెక్క చెప్పగల మనిషికి మాత్రం అందులో కుర్చీ లేదు. గిరిజనులకు రెండు కుర్చీలు ఇచ్చారు, న్యాయమే. అయితే కొల్లేటి మత్స్యకారుల్లో ఎక్కువమంది వెనుకబడిన తరగతులవారు. ఆ రెండు కుర్చీలూ వారికి వర్తించవు.

ఇదే చట్టం ఆ బోర్డుకు అప్పజెప్పిన పనుల్లో ఒకటి చూడండి. గిరిజనుల, అడవిలో నివసించే ఇతరుల అవసరాలకూ వన్యప్రాణుల రక్షణకూ పొత్తు కుదిర్చే మార్గాలు ప్రభుత్వానికి సలహా ఇవ్వాలి. అడవికి చెప్పిన ధర్మమే సరస్సుకూ వర్తించాలి గదా! పొత్తు కుదర్చాలంటే రెండు పక్షాలవారూ ఎదురుబొదురుగా కూర్చోవద్దా? పెళ్లికొడుకు తరఫువారే అందరూ కూర్చుని పెళ్లిమాటలు ముగించేస్తే అది సంబంధం అవుతుందా?

చెప్పకుండా చేసిన పని ఎక్కడికి దారితీసింది?

మన కొల్లేటి కథ ఈ జిల్లాలో తెలియనివారు లేరు. అయినా కుర్రకారు కోసం క్లుప్తంగా చెబుతాను. 1970లలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వుకోమన్నది. దరిమిలా డబ్బున్నవారు దిగారు. సంఘం పేరు బీదవాడిది, చెరువు పెత్తనం పెద్దలది అయింది. గట్లు లేచాయి, నీటి దారులు మూసుకుపోయాయి. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు కూడా వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలపై చెరువు గట్లు కొట్టించారు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పొక్లెయిన్లు వరుసగా దిగటం, ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఏడవటం ఈ కళ్లతో చూశాను. ఆ గట్లలో పెద్దల గట్లు ఉన్నాయి. అప్పుచేసి సంఘంలో వాటా పెట్టిన బీదల గట్లూ ఉన్నాయి. పెద్దలు మరో చోట చెరువు తవ్వుకున్నారు. బీదవాడు వలస పోయాడు. గట్లు కొట్టటం తప్పని నేను అనను. నీటికి దారి ఉండాలి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి పోయే దారి అయినప్పుడు సరస్సు కడుపు కోసుకుంటే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అందరికీ తెలిసివచ్చింది. విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరవలసింది కొల్లేటికే.

నేను అనేదల్లా ఒక్కటే. 1970లలో తవ్వమన్నప్పుడూ మా మాట అడగలేదు. 1999లో గీత గీసినప్పుడు మా మాట ఎంత వినిపించిందో ఏ లంకలో పెద్దవారిని అడిగినా చెబుతారు. 2006లో కొట్టినప్పుడు అడిగే తీరికే లేదు. మూడుసార్లూ నిర్ణయం పైన జరిగింది, నష్టం కింద జరిగింది.

2008లో శాసనసభ మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. తీర్మానం వార్త వినగానే ఊళ్లలో బాణాసంచా కాల్చినవారు ఉన్నారు. కాని 2002 సవరణ తరువాత అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలి. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ కుదింపు వద్దన్నది. ఈ సంగతి ముందే ఎవరైనా గ్రామానికి వచ్చి తెలుగులో చెప్పి ఉంటే ఆ బాణాసంచా డబ్బు మిగిలేది. అంతకన్నా ముఖ్యం, ప్రతి ఎన్నికలోనూ "మూడో కాంటూరు" అని ఆశ చూపి ఓట్లు అడిగేవారికి ఆ వీలు ఉండేది కాదు.

చట్టంలోనే దారి ఉంది

అభయారణ్యం ప్రకటించదలచినప్పుడు కలెక్టరు ఆ ప్రాంతపు ప్రతి ఊళ్లోనూ ప్రాంతీయ భాషలో ప్రకటన చేయాలని, హక్కులున్నవారు రెండు నెలల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చునని ఈ చట్టంలోనే రాసి ఉంది. హక్కులు కోల్పోయే రోజున ప్రాంతీయ భాష గుర్తుకొచ్చిన చట్టానికి, ఆ తరువాత ఏటా జరిగే బోర్డు సమావేశాలకు గుర్తుకు రాకపోవటం ఏమి న్యాయం?

అదే చట్టంలో 33-బి సెక్షను ఉంది. ప్రతి అభయారణ్యానికీ ఒక సలహా కమిటీ వేయాలి. అందులో స్థానిక శాసనసభ్యులు, పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల వారు ఇద్దరు, సంరక్షణలో పనిచేసేవారు ముగ్గురు ఉండాలి. చుట్టుపక్కల ప్రజల భాగస్వామ్యం గురించి సలహా ఇవ్వటం ఆ కమిటీ పని. మన ఊళ్లకు దగ్గరగా వచ్చే తలుపు ఇదే. ఆ తలుపు కొట్టవలసిన బాధ్యత మన సర్పంచులది, ఎంపీటీసీలది.

ఇక 2022 సవరణ ఒకటి వచ్చింది. రాష్ట్ర బోర్డు తరఫున ఒక స్థాయీ సంఘం వేసుకోవచ్చు. ఉపాధ్యక్షులు, సభ్య కార్యదర్శి, అధ్యక్షులు ఎంపిక చేసిన పదిమందికి మించని సభ్యులు అందులో ఉంటారు. పని త్వరగా తెములుతుందనేది ఉద్దేశం కావచ్చు. కాని ముప్పై మంది దాకా కూర్చునే గదిలోనే వినపడని గొంతు, పన్నెండు మంది గదిలో వినపడుతుందా?

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ప్రతి ప్రభుత్వ శాఖ కూడా తన కింద ఉన్న బోర్డుల, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చునా లేదా, వాటి మినిట్సు చూడవచ్చునా లేదా అనేది అడగకుండానే ప్రకటించాలని నాలుగో సెక్షను చెబుతోంది. స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని కూడా అందులోనే ఉంది. నేను ఒక కార్యాలయానికి వెళ్లి మినిట్సు సంగతి అడిగితే, "అవన్నీ మీకెందుకండీ, ప్రెస్ నోటు పంపిస్తాం, అది వేసుకోండి" అన్నారు. టీ మాత్రం ఇప్పించారు.

మా ఊరి కుర్రాడొకడు అమెరికాలో డల్లాసులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ టెక్సాస్ రాష్ట్రంలో పార్కుల, వన్యప్రాణుల శాఖపై తొమ్మిదిమంది కమిషనర్లు ఉంటారు. వారూ గవర్నరు నియమించినవారే, ఓట్లతో గెలిచినవారు కారు. అయినా ఏటా ఒక సమావేశం కేవలం ప్రజలు చెప్పేది వినటానికి పెట్టాలని అక్కడ చట్టం ఉంది. వేటగాడు, రైతు, పడవ నడిపేవాడు ఎవరైనా వచ్చి తన మాట చెప్పుకోవచ్చు. చెప్పినదంతా జరుగుతుందని కాదు. విన్నామని రికార్డులో ఉంటుంది. అంతపాటి పని మనకు చేతకానిదా?

ఒక భయం, దానికి జవాబు

ప్రజలను పిలిస్తే పెద్ద చెరువుల ఆసాములే మనుషులను లారీల్లో తోలుకొస్తారు, నిపుణుల మాట గాలికి పోతుంది అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం అబద్ధం కాదు. సంఘాల కథ చూసినవాళ్లం. కాని తలుపు మూసి ఉంచినంత మాత్రాన పెద్దలు ఆగుతారా? వారికి పెరటి దారి ఎప్పుడూ ఉంది. వీధి తలుపు మూస్తే బయట నిలబడేది బీదవాడొక్కడే. పక్షులకు కూడా ఇందులో నష్టం లేదు. ఆటపాకలో గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టుకుంటున్నాయంటే, చుట్టూ ఉన్న జనం వాటిని బతకనిస్తున్నారు కాబట్టే. తన మాటకు విలువ ఉన్న మనిషే కాపలాదారు అవుతాడు.

కాబట్టి కోరేది ఇది. బోర్డు సమావేశపు ఎజెండా పదిహేను రోజుల ముందు, మినిట్సు ఆ తరువాత, సంబంధిత గ్రామాల పంచాయతీ కార్యాలయాల్లో తెలుగులో అంటించాలి. ఏడాదికి జరిగే రెండు సమావేశాల్లో ఒకటి ఏదో ఒక అభయారణ్యం ఉన్న జిల్లాలో పెట్టాలి. సమావేశపు చోటు ప్రభుత్వం ఇష్టమేనని చట్టంలోనే ఉంది కనుక దీనికి కొత్త చట్టం అక్కరలేదు. కొల్లేటి సలహా కమిటీలోకి వచ్చే ముగ్గురు పంచాయతీ ప్రతినిధులూ లంక గ్రామాల వారై ఉండాలి. వారిలో ఒకరు ఆడమనిషి, ఒకరు ఈనాటికీ వల వేసే మనిషి అయితే మరీ మంచిది. ఏటా ఒక రోజు కైకలూరులోనో ఆకివీడులోనో అందరి మాటా వినాలి.

ఈ నాలుగింటిలో ఖజానాకు భారమైనది ఒక్కటీ లేదు. మనసు కావాలి, అంతే.

టీ బడ్డీ దగ్గర అడిగిన బాబాయిగారికి ఈ పత్రిక తీసుకువెళ్లి చదివి వినిపిస్తాను. బోర్డు ఎక్కడుంటుందో చెప్పగలను. ఏ రోజు రమ్మంటారో మాత్రం ప్రభుత్వమే చెప్పాలి. ఆయన వయసు డెబ్బై దాటిందని సంబంధిత అధికారులు గుర్తుంచుకుంటే మేలు.