పొలం పేరు వాడుకునేవాళ్లు రైతు పేరు కూడా రాయాలి

పోయిన జనవరిలో మా ఆఫీసు టీమునంతా బెంగళూరులో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్లారు. హోటలు మిద్దె మీద తోట. చెక్కపెట్టెల్లో పుదీనా, తులసి లాంటి ఏవో ఆకులు, గోలీలంత టమాటాలు. మధ్యలో పొడుగాటి బల్ల. కార్డు మీద 'ఫార్మ్ టు టేబుల్ డిన్నర్' అని అచ్చేశారు. అంటే పొలం నుంచి నేరుగా మన పళ్లెంలోకి అని. మనిషికి 3,800 రూపాయలు, పన్నులు వేరే. కంపెనీ కట్టింది కాబట్టి వెళ్లాను.

ఏమేం పెట్టారో చెప్తాను, నవ్వొద్దు. నిమ్మకాయంత రాగి ముద్దలు మూడు. పితికిపప్పు రెండు చెంచాలు, పైన ఒక పూరేకు. తర్వాత పచ్చి ఆకు ఒకటి, నూనె చిలకరించి. కార్డులో దాని పేరు ఇంగ్లీషులో ఉంది. నోట్లో పెట్టుకున్నాకే గుర్తుపట్టాను, మన గంగపాయలాకు! కన్నడంలో గోణిసొప్పు అంటారు. మా అవ్వ కలుపు తీస్తూ ఒళ్లో వేసుకొచ్చి పప్పులో వేసేది అదే.

రుచి బాగానే ఉంది. వంటవాళ్ల పనిని నేను తప్పుపట్టను. నా తగువంతా ఆ అచ్చేసిన మాటతోనే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. పైన ఏం రాశారో లోపల అదే జరుగుతోందా అని చూడడమే నా పని. అలవాటు కొద్దీ వడ్డించే అబ్బాయిని కన్నడంలో అడిగాను, ఈ రాగులు ఏ ఊరివి అని. "లోకల్ సార్" అన్నాడు. పండించిందెవరు? "సప్లయర్‌ను అడగాలి సార్." ఆ మిద్దె మీద రాగి చేను లేదు, అనప చేనూ లేదు. చూపించే తోట ఒకటి, తినిపించే పొలం ఇంకొకటి. ఆ రెండో దాని ఊరూ పేరూ ఎవరికీ తెలీదు. మా భాషలో దీన్ని బగ్ అంటాం. ఇది పాస్ కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 2023-24కి కేంద్రం రాగులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,846 రూపాయలు. అంటే ఆ రాత్రి ఒక మనిషి తిన్న భోజనం ఖరీదు, ఒక క్వింటాలు రాగులు. రోజుకు కిలో పిండి సంగటి కెలికే ఇంటికి అది వంద రోజుల తిండి. హోటలుకు జీతాలు, అద్దె, కరెంటు ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ పొలం పేరు చెప్పి అమ్మినప్పుడు పొలానికి ఎంత ముట్టిందో చెప్పాలి కదా?

నీళ్ల సంగతీ చెప్పాలి. మాది కోలారు తాలూకా. మా జిల్లాలో ఏడాదంతా పారే ఏరు లేదు. ఉన్నవి చెరువులు, వెయ్యి అడుగులు దాటిన బోర్లు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని కోరమంగళ-చల్లఘట్ట పథకం కింద రెండో దశ దాకా శుద్ధి చేసి మా చెరువులకు వదులుతున్నారు. మూడో దశ శుద్ధి కూడా చెయ్యండని మావాళ్లు అడుగుతూనే ఉన్నారు. పట్నం కావేరి నీళ్లు వాడుకుని వదిలితే ఆ నీళ్లు మా చెరువులోకి. ఆ పక్క బోర్ల కింద పండిన టమాటా, కొత్తిమీర మళ్లీ పట్నానికి. అసలు దారి ఇది. దీన్ని ఏ హోటలు కార్డులోనూ అచ్చెయ్యరు.

"రాగికి మర్యాద పెరిగితే రైతుకే కదా లాభం" అని నా పక్కన కూర్చున్న స్నేహితుడు అన్నాడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినప్పుడు నేనూ అదే అనుకున్నాను. రాగికి మర్యాద వచ్చిన మాట నిజమే. మా బళ్లో రాగి ముద్ద తెచ్చినవాణ్ణి పల్లెటూరోడని ఎగతాళి చేసేవాళ్లు, ఈ రోజు అదే ముద్దకు ఫొటోలు తీస్తున్నారు. మర్యాద ముద్దకు దక్కింది. పండించినవాడికి దక్కిందా?

చివర్లో నేను ఫోనులో అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే ఆ వడ్డించే అబ్బాయి విని దగ్గరికొచ్చాడు. "అన్నా, మాది చింతామణి పక్క. ఇంట్లో తెలుగే" అన్నాడు. మీరు రాగి వేస్తారా అని అడిగాను. "లేదన్నా, చాన్నాళ్ల కిందటే నీలగిరి పెట్టేసినారు. కూలీలు గిట్టుబాటు కాలే" అన్నాడు. పొలం వదిలి వచ్చిన పిల్లోడు, పొలం పేరుతో అమ్మే భోజనం మాకు వడ్డిస్తున్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంక ముద్ద దిగలేదు.

హోటళ్లను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కార్డు మీద మూడు ముక్కలు వెయ్యండి: ఊరు, రైతు పేరు, కిలోకి ఇచ్చిన ధర. వెయ్యలేకపోతే 'ఫార్మ్' అన్న మాట తీసెయ్యండి.

హోటళ్లను అన్నాక మనల్నీ అనుకోవాలి. పట్నంలో స్థిరపడిన మన కుటుంబాలు సంక్రాంతికి ఊరికి పోయి ఏం చేస్తాయి? కారు డిక్కీలో రాగుల మూట, అనపకాయల సంచి, చింతపండు. చిన్నాయన కదా, పెద్దమ్మ కదా, డబ్బులు అడగరు కదా. నేను పదేళ్లు అట్లే తెచ్చుకున్నాను. హోటలు రైతుకు తక్కువ ఇచ్చిందేమో, నేను అసలే ఇవ్వలేదు. పైగా నా కూతురికి అనపకాయను 'అవరెకాయి' అనే నేర్పాను. ఇంటి మాట కూడా ఊళ్లోనే వదిలేసి వచ్చాను.

అందుకే ఈసారి మూట డిక్కీలో పెట్టినప్పుడు మద్దతు ధర లెక్కకట్టి చిన్నాయన చేతిలో డబ్బు పెట్టాను. ఆయనకు కోపం వచ్చేసింది. "చుట్టాలకు అమ్ముకునేంత గతి పట్టలేదురా" అని లోపలికి పోయాడు. పిన్నమ్మ మాత్రం తీసుకుని కొంగున ముడేసుకుంది. బోరు మోటారు కాలిపోయి పదిరోజులైందంట, నాకు ఎవరూ చెప్పలేదు.