పాత సర్వో పొట్ట కోయకండి

రేడియో కంట్రోల్ విమానాల పిచ్చి ఉన్న పాతవాళ్ళ దగ్గర క్రాఫ్ట్ పేరెత్తితే చాలు, ఇక ఆపరు. కాలిఫోర్నియాలోని విస్టాలో ఉండేది ఆ కంపెనీ. పెట్టినాయన ఫిల్ క్రాఫ్ట్ 1967లో ఏరోబాటిక్స్ ప్రపంచ చాంపియన్ కూడా. ఆ తరం సర్వోలు ఓ అరడజను, పేర్లు చెరిగిపోయినవాటితో కలిపి, నా చేతికొచ్చాయి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్‌తో వీటిని ఆడించడం ఎలా అంటే అందరిదీ ఒకటే సలహా: "లోపలి బోర్డు పీకి పారేయ్, చవక సర్వోలోది పెట్టెయ్". నాకిది అస్సలు నచ్చదు.

నిజానికి మార్చాల్సింది చాలా తక్కువ. 1 నుంచి 2 మిల్లీసెకన్ల పల్స్, మధ్యస్థానానికి సుమారు 1.5, అదీ 20 మిల్లీసెకన్లకోసారి. అప్పుడూ దాదాపు అంతే, ఇప్పుడూ అంతే. మనమేమో రెండేళ్ళకోసారి ఏపీఐ మార్చేసి, 'డెప్రికేటెడ్' అని ఓ ముక్క రాసి చేతులు దులుపుకుంటాం :)

తేడాలన్నీ చుట్టూ ఉంటాయి. వైర్ల వరస వేరు. ప్లస్ మధ్యలోనే ఉంటుందని గుచ్చేయకుండా మీటర్ పెట్టి చూసుకోవాలి. కొత్త రిసీవర్లు కొన్నిటి సిగ్నల్ 3.3 వోల్టులే, పాత సర్వోకి చాలకపోవచ్చు. మధ్యలో ఒక 74హెచ్‌సీటీ125 చిప్ పెడితే సరి. కొన్నిటికి పల్స్ తిరగేసి ఇవ్వాలి, దానికో ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు. నాలుగు నికాడ్ సెల్స్‌కి, అంటే 4.8 వోల్టులకి చేసినవాటికి, రెండు సెల్స్ లైపో నుంచి 8.4 వోల్టులు నేరుగా ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇవన్నీ బయట చేసే పనులే. మూత విప్పనక్కర్లేదు.

సరే, నాలుగు వైర్ల సర్వో సంగతి? ఇక్కడే నేనూ ఆ సలహా విని బుక్కయ్యా. ఆ నాలుగో వైరు బ్యాటరీ మధ్య నుంచి వస్తుంది. మోటారు ఒకవైపు తిరగడానికి పై రెండు సెల్స్, ఇంకోవైపు తిరగడానికి కింది రెండు. అంటే అది 2.4 వోల్టుల మోటారు. నేను కొత్త బోర్డు అతికించి మొత్తం 5 వోల్టులూ ఇచ్చా. కరెంటు రెట్టింపు. అర నిమిషంలో పొగ, వాసన, పక్కగదిలోంచి "ఏం తగలబెట్టారు?" అన్న కేక. పీకిన అసలు బోర్డు అప్పటికే ముక్కలు చేసేశా. అది మళ్ళీ దొరకదు. చదవకుండా డిలీట్ చేసిన పాత కోడ్ గుర్తొచ్చింది.

రెండోదానికి బుద్ధిగా నాలుగు నిమ్హ్ సెల్స్ వరసగా కట్టి, మధ్యనుంచి ఒక వైరు లాగా. రిసీవర్‌కీ అదే బ్యాటరీ. చక్కగా తిరుగుతోంది.

"మరి ఎగరేస్తావా?" అని అడుగుతున్నారు. ఎగరెయ్యను. లోపలి పొటెన్షియోమీటర్ ట్రాక్ ఎక్కడ అరిగిందో బయటికి కనపడదు, రెండు కిలోల విమానం ఎవరి నెత్తిన పడుతుందో అసలు తెలీదు. ఓ చిన్న పడవకి చుక్కాని తిప్పడానికి పెట్టా. ఆగిపోతే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకుంటా.