రథం కొత్తది, కారు పాతది

బస్తర్‌లో దసరా అంటే రావణ దహనం కాదు, దంతేశ్వరీ దేవి ఉత్సవం. మన పంచాంగం ప్రకారం ఆషాఢ అమావాస్య నాడు, అక్కడివారి మాటలో హరేలీ నాడు, జగదల్‌పూర్‌లో ఒక దుంగకు పూజ చేయడంతో మొదలవుతుంది. 75 రోజులు సాగుతుంది. రథ నిర్మాణానికి ఆ పూజే శ్రీకారం. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల పనివారు వచ్చి బాడిసలు, ఉలులు పట్టుకుని సాల్ కలపతో రథం కడతారు. ఒక ఏడాది నాలుగు చక్రాల పూలరథం కొత్తగా తయారైతే, మరుసటి ఏడాది ఎనిమిది చక్రాల విజయరథం తయారవుతుంది. కలప కొత్తది, మేకులు కొత్తవి, ఇరుసు కొత్తది. అయినా ఇది కొత్త రథమని ఎవరూ అనరు. కాకతీయ వంశీకులమని చెప్పుకునే రాజుల్లో ఒకరైన పురుషోత్తమ దేవుడు 15వ శతాబ్దంలో మొదలుపెట్టాడని చెప్పే ఆ రథమే ఇదని అందరి నమ్మకం.

అదే ఊళ్లో ఎవరైనా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఓ పాత కారును బాగుచేయడం మొదలుపెట్టారనుకుందాం. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఒక్క బోల్టు మారిస్తే, ‘అసలుది పోయిందే’ అని నొచ్చుకునేవారుంటారు. మరమ్మతుకు, మార్పుకు మధ్య గీత ఎక్కడుంది? సరదా కోసం పాత కారు కొన్నవారెవరూ ఈ ప్రశ్న తప్పించుకోలేరు. బస్తర్‌లో అయితే అది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. రాయ్‌పూర్ వైపు వెళ్లాలంటే కేశ్‌కాల్ ఘాట్ దిగాలి. విశాఖ వైపు రావాలంటే కోరాపుట్ దాటి సాలూరు ఘాట్ దిగాలి. అరవై ఏళ్ల నాటి బ్రేకులకు ఆ మలుపులు తెలుసు గానీ, ఎదురుగా వచ్చే నేటి లారీలు తెలియవు.

ఇంతకూ బాగుచేయడానికి మన దేశంలో స్పోర్ట్స్ కారు ఏముంది? దిగుమతులకు తలుపులు మూసిన ఆ దశాబ్దాల్లో అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప సామాన్యుడికి మరో దిక్కు లేదు. అయితే వాటిలో ఒకదానికి మాత్రం స్పోర్ట్స్ కారుతో రక్తసంబంధం ఉంది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అది. దాని మూలం బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్, రూపకర్త ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. ఆ హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ కంపెనీ తెచ్చినదే స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అంటే మన నాన్నల కాలంలో కుటుంబాన్ని సినిమాకు తీసుకెళ్లిన హెరాల్డ్‌కు లండన్ వీధుల్లో టాపు తీసి తిరిగే తమ్ముడు ఉన్నాడన్నమాట.

ఇంట్లో పని చేసుకోవాలనుకునేవారికి ఈ కుటుంబం ఒక వరం. ఆనాటికే చాలా కార్లకు బాడీ, ఛాసిస్ ఒక్కటైపోయాయి. హెరాల్డ్‌కు మాత్రం విడిగా ఇనుప ఛాసిస్ ఉంది, బాడీని భాగాలుగా దాని మీద బోల్టులతో బిగించారు. రెండు తలుపుల మోడల్ పైకప్పును కూడా బోల్టులు విప్పి తీసేయవచ్చు. బానెట్‌తో పాటు ముందు రెక్కలు కూడా కలిసి ముందుకు లేస్తాయి. ఇంజన్, ముందు సస్పెన్షన్ అంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. టైరు మీద కూర్చుని ఇంజన్‌కు ట్యూనింగ్ చేసుకోవచ్చు.

వరంతో పాటు శాపమూ ఉంది. దాని పేరు తుప్పు. బస్తర్ వానలు నెలల తరబడి వదలవు. పైనున్న పెయింట్ నిగనిగలాడుతున్నా ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతులు లోలోపల తినేసి ఉంటాయి. తొందరపడేవారు చేసే మొదటి తప్పు ఇక్కడే. డెంటింగ్ మనిషిని పిలిచి, పుట్టీ పెట్టించి, ఎర్ర రంగు కొట్టించి, ఫొటో దిగుతారు. కారును జాకీ మీద లేపినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. అనుభవజ్ఞుల పద్ధతి వేరు. ముందు కింద పడుకుని, సుత్తితో తట్టి, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూస్తారు. మెత్తబడ్డ రేకును కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేయిస్తారు. పుట్టీ, రంగు అన్నిటికన్నా చివర్న.

ఈ తుప్పు గురించి బస్తర్‌లో మాట్లాడటంలో ఓ విచిత్రం ఉంది. ఇక్కడి బైలదిల్లా కొండల్లో 1968లో గనులు మొదలయ్యాయి. ఆ ఖనిజం కొత్తవలస-కిరందుల్ రైలు మార్గంలో విశాఖ రేవుకు చేరి, జపాన్‌కు ఎగుమతి అయింది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను కొలిమిలో వెళ్లగొడితే ఇనుము వస్తుంది. ఇనుము మళ్లీ ఆక్సిజన్‌ను, తేమను పట్టుకుంటే తుప్పు అవుతుంది. అంటే తుప్పు పట్టడం ఒక రకంగా ఇనుము తిరిగి కొండకు ప్రయాణం కట్టడమే. పాత కారును బాగుచేసేవాడు ఆ ప్రయాణాన్ని కొన్నేళ్లు వాయిదా వేస్తాడు, అంతే.

స్పేర్ పార్టుల సంగతేమిటి? తయారు చేసిన కంపెనీ మూతపడి దశాబ్దాలైంది. అయితే బ్రిటన్‌లో 1977లో ఏర్పడిన ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ లాంటి సంఘాల వల్ల ఈ కుటుంబం కార్ల గురించిన పరిజ్ఞానం బతికే ఉంది, విడిభాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. కొరియర్‌కూ, కస్టమ్స్‌కూ డబ్బు పెట్టలేనివారు చుట్టూ చూడాలి. జగదల్‌పూర్‌కు ఉత్తరాన కొండగావ్ ఉంది. మైనపు బొమ్మ మీద మట్టి పూసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కంచు, ఇత్తడి పోసే ఢోక్రా కళకు అది పేరుపొందిన ఊరు. కొలిమిలో ఇనుమును సాగదీసి దీపాలు, బొమ్మలు మలిచే కమ్మరులూ అక్కడే ఉన్నారు. దొరకని బ్యాడ్జి, తలుపు పిడి, అలంకారపు ముక్క లాంటివి అలాంటి చేతుల్లో మళ్లీ పుట్టగలవు. కానీ హద్దు తెలియాలి. చూడ్డానికి ఉన్న భాగం చేతితో చేయించవచ్చు. ప్రాణం మోసే భాగం, అంటే బ్రేక్ సిలిండర్, స్టీరింగ్ జాయింట్, హబ్ వంటివి కొలిమిలో చేయించేవి కావు. వాటికి ఎంతైనా పెట్టి నమ్మకమైన కొత్తవే కొనాలి.

అక్కడి నుంచి మొదలవుతుంది అసలు పేచీ. బాగుచేయడం సరే, మెరుగుపరచడం ఎంతవరకు? చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఇంజన్. మన హెరాల్డ్‌లో ఉన్నది 948 సీసీ ఇంజన్. బ్రిటన్‌లో తొలి హెరాల్డ్‌కు అది ఇచ్చిన శక్తి 35 హార్స్‌పవర్ లోపే. 1147 సీసీ, రెండు కార్బురేటర్లతో తమ్ముడు స్పిట్‌ఫైర్ 63 హార్స్‌పవర్ ఇచ్చాడు. ‘సార్, మారుతి ఇంజన్ వేసేద్దాం, పక్షిలా ఎగురుతుంది’ అనే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. ఎగరడం సులువే, ఆగడమే కష్టం.

ఆ తొలినాళ్ల కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఘాట్ దిగుతూ బ్రేక్ మీద కాలు నొక్కి పెడితే డ్రమ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగ్ పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరుగుతుంది, లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు తగులుతుంది. పైగా నాలుగు చక్రాలకూ ఒకటే పైపు వ్యవస్థ. ఎక్కడ కారినా బ్రేకులు మొత్తం పోయినట్టే. వెనక సస్పెన్షన్‌కు మరో జబ్బు ఉంది. మలుపులో వేగంగా వెళుతూ హఠాత్తుగా కాలు తీసినా, బ్రేక్ తొక్కినా వెనక చక్రం లోపలికి మడతపడి కారు అదుపు తప్పవచ్చు. స్పిట్‌ఫైర్‌లో ఈ లోపాన్ని ట్రయంఫ్ కంపెనీయే 1970లో చాలావరకు సరిదిద్దింది.

కాబట్టి వివేకం ఉన్నవారి వరస ఇలా ఉంటుంది. మొదట బ్రేకులు. స్పిట్‌ఫైర్‌కు ముందు చక్రాల డిస్క్ బ్రేకులు పుట్టుకతోనే ఉన్నాయి, ఆ భాగాలు హెరాల్డ్‌కు సరిపోతాయి. అన్నగారికి తమ్ముడి చొక్కా తొడిగినట్టే గానీ పరాయివాడి చొక్కా కాదు. రెండు విడి మార్గాలుండే మాస్టర్ సిలిండర్, రెండేళ్లకోసారి కొత్త బ్రేక్ ఆయిల్ దానికి తోడు. తర్వాత సీటు బెల్టులు, మంచి టైర్లు, రిలేతో హెడ్‌లైట్లు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే వానలో వైపర్లు, లైట్లు కలిపి వేసినా బ్యాటరీ నీరసపడదు. ఇంజన్ శక్తి పెంచే ఆలోచన వీటన్నిటి తర్వాతే.

కొన్ని మార్పులు మనం కోరుకున్నవి కావు, కాలం నెత్తిన పెట్టినవి. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. వాల్వులు కూర్చునే చోట అరగకుండా కాపాడింది ఆ సీసమే. అందుకే సిలిండర్ హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించడం మంచిది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను దెబ్బతీస్తుంది, తేమను పీలుస్తుంది. షెడ్డులో నెలల తరబడి నిలిపే కారు ట్యాంకుకు అంతకన్నా శత్రువు లేదు. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయాలి, వాడని కాలంలో ట్యాంకు సంగతి చూసుకోవాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. మారుతి ఇంజన్ సలహాకు అక్కడే బ్రేక్ పడుతుంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పు లేని వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. అయితే ఆ నంబరుతో రోజూ బజారుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల కోసమే రోడ్డెక్కాలి. మామూలు రిజిస్ట్రేషన్‌తోనే తిరగాలంటే రెన్యువల్ ఉండనే ఉంది. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. ఏ మార్పు చేయాలన్నా ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగడం, స్పానర్ పట్టడం తర్వాత.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యురిన్ ఒప్పందం ఈ చిక్కుకు ఓ దారి చూపింది. భద్రత కోసమో, చట్టం కోసమో మార్పు తప్పకపోతే అది కంటికి ఆనకుండా ఉండాలి. మళ్లీ పాత స్థితికి తేగలిగేలా ఉండాలి. తీసేసిన భాగాన్ని పారేయకుండా దాచాలి. ఆచరణలో దీనర్థం చాలా సాదాసీదా. షెడ్డులో ఓ చెక్కపెట్టె, అందులో నూనె రాసి గుడ్డలో చుట్టిన పాత డ్రమ్ములు, డైనమో. ప్రతిదానికీ ఓ చీటీ, ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో రాసి. తర్వాతి యజమాని కావాలనుకుంటే ఒక్క ఆదివారంలో కారును 1960లకు పంపించగలగాలి.

పెట్టెలో దాచలేనిది మరొకటి ఉంది. కార్బురేటర్ శబ్దం విని మిశ్రమం సరిగ్గా ఉందో లేదో చెప్పే చెవి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య ఖాళీని సరిచేసే వేలు. కంప్యూటర్ తగిలించి లోపం కనిపెట్టే సర్వీస్ సెంటర్లలో ఆ పని నేర్పేవారు లేరు. పాత మేస్త్రీలు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. తుప్పు పట్టిన రేకు మళ్లీ దొరుకుతుంది, ఈ పనితనం పోతే దొరకదు.

ఇక్కడే బస్తర్ రథం పాత కారుకు పాఠం చెబుతుంది. ఆ రథం శతాబ్దాలు నిలిచింది కలప గట్టిదై కాదు. ఏటా కట్టక తప్పదు కాబట్టి ఏటా ఎవరో ఒక కుర్రాడు తండ్రి పక్కన కూర్చుని బాడిస పట్టడం నేర్చుకుంటాడు. కారును ముప్ఫై ఏళ్లకోసారి బాగుచేస్తాం. ఈలోగా విద్య తెలిసినవాళ్లు వెళ్లిపోతారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పాత కారు బాగుచేసి చూడు అనలేదు గానీ, అని ఉంటే ఇంకో మాట చేర్చేవారేమో. ఒక్కడివే చేయొద్దని. షెడ్డులో టార్చిలైటు పట్టుకుని నిలబడే పిల్లాడికో, పిల్లకో ఒకసారి స్పానర్ అందిస్తే, ఆ కారు మరో ముప్ఫై ఏళ్లు బతికే అవకాశం అక్కడే మొదలవుతుంది.