టీవీ ఆగిన తర్వాత పాఠం మొదలుపెడదాం

మన ఊరి అమ్మలకు, నాయినలకు, తాతలకు, నానమ్మలకు, డిగ్రీ చదివే తోటివాళ్లకు విన్నపం!

కరోనా వల్ల బడికి తాళం పడి ఆరు నెలలు దాటింది. ఈ 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్ విద్య ఛానెల్‌లో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలు వస్తున్నాయి. చెప్పే టీచర్లు బాగానే చెబుతున్నారు, వాళ్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. టీవీ కట్టేసిన తర్వాత ఇంట్లో ఏం జరుగుతోందో చూద్దామని మేం ఐదారుగురం పోయిన వారం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల ఇళ్లకు తిరిగాం. అక్కడ చూసిందే మా చేత ఈ కరపత్రం రాయించింది.

ఏడో తరగతి పిల్లలు ముగ్గురి సోషల్ నోటు పుస్తకాలు తీసి చూస్తే మూడింటిలోనూ 'కాకతీయులు' అన్న మాట 'కాతకీయులు' అని ఉంది. ఒకడు తప్పు రాశాడు, పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, మిగతా ఇద్దరూ తప్పుతో సహా దింపేశారు. ఆ మూడు ఫోటోలూ సారుకు పోయాయి, వర్క్‌షీటు అయిపోయింది. ముగ్గురిలో ఒక్కడైనా పుస్తకం తెరిచి ఆ పాఠం పైకి చదివి ఉంటే అక్కడ నాలుక ఆగేది.

ఇంకో ఇంట్లో మేమున్నప్పుడే గోదావరి పాఠం నడుస్తోంది. టీచరమ్మ పటం మీద నదిని చూపిస్తూ పోతున్నారు. పిల్ల తన పుస్తకంలో పటం ఉన్న పేజీ వెతుక్కునేలోపే టీవీలో గోదావరి సముద్రంలో కలిసిపోయింది. "ఎవరు చెబుతారు?" అని టీచరమ్మ అడిగారు. పిల్ల నోరు తెరిచింది. అంతలోనే జవాబు కూడా ఆమే చెప్పేశారు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తారు, ఆమెకు ఈ పిల్ల కనబడదు కదా!

లెక్కలు, ఇంగ్లీషు అంటే మనం భయపడి ట్యూషన్ అడుగుతాం. "తెలుగుకేముంది, సోషల్‌కేముంది, పరీక్షల ముందు బట్టీ పడితే సరిపోతుంది" అని ఈ రెండింటినీ వదిలేస్తున్నాం. నిజానికి మనకు చదువు రాకపోయినా మనం సాయపడగలిగే సబ్జెక్టులు ఈ రెండే. తెలుగు మన నోట్లో ఉంది. సోషల్ మన చేన్లో, చెరువులో, బీరువాలో ఉంది.

బీరువా అని ఊరికే అనలేదు. పట్టాదారు పాసు పుస్తకం తీసి మీ పిల్లల చేత చదివించండి. ఖాతా నంబరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి. కొత్త రెవెన్యూ చట్టం ఈ 2020 సెప్టెంబర్‌లోనే మన తెలంగాణ అసెంబ్లీలో పాసయింది, వీఆర్వోల పోస్టులు రద్దయ్యాయి. ఒక ఇంట్లో ఎనిమిదో తరగతి అమ్మాయి చేత ఆ వార్త పేపర్లోంచి చదివించాం. వాళ్ల నాయిన రెండుసార్లు మళ్లీ చదివించుకున్నాడు. మూడోసారికి ఫోన్ చేసి తమ్ముణ్ణి పిలిపించాడు. ఆ అమ్మాయి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, తెలియని మాటను కూడబలుక్కుని, అడిగినదానికి జవాబు చెబుతూ చదివింది. ఆ అరగంటలో తెలుగూ అయింది, సోషలూ అయింది.

ఆరో తరగతి సోషల్ పుస్తకంలో పాలమూరు దిక్కున ఉన్న డోకూరు మీద, కొండల మీది పెనుగోలు మీద పాఠాలున్నాయి. అక్కడి నేల ఏది, నీళ్లు ఎక్కడివి, ఏ పంట పండుతుంది అని పుస్తకం అడుగుతుంది. అవే ప్రశ్నలు మన ఊరి మీద వేయించండి. మన చెరువు అలుగు పారితే నీళ్లు ఎటు పోతాయి? పత్తి రాకముందు ఆ చెలకల్లో ఏం వేసేవారు? తాతను అడిగి రాసుకోవాలి, తెల్ల కాగితం మీద ఊరి పటం గీయాలి. ఈ జవాబు ఏ వాట్సాప్ గ్రూపులోనూ దొరకదు.

ఈసారి అధిక ఆశ్వయుజం వచ్చి దసరా అక్టోబర్ 25కు జరిగింది. సద్దుల బతుకమ్మకు ఇంకా నెల రోజుల టైముంది. పిల్లలు ఇంట్లో నానమ్మ దగ్గర కూర్చుని ఆమెకు వచ్చిన పాటలు రాసుకోవాలి, రాసింది ఆమెకే చదివి వినిపించాలి. "అట్ల కాదు బిడ్డా, ఇట్ల" అని ఆమే దిద్దుతుంది.

కాబట్టి రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా ప్రతి అరుగు మీద పాఠం పైకి చదివే ఒక గొంతు వినబడాలని అడుగుతున్నాం. ఒకే వాడ పిల్లలు కలిసి చదివితే ఐదుగురికి మించొద్దు, మాస్కు ఉండాలి, ఆరుబయటే కూర్చోవాలి.

పత్తి పగులుతోంది. కూలీలు దొరకక పిల్లల్ని వెంటబెట్టుకు పోయే ఇళ్లున్నాయని తెలుసు. మేమూ చిన్నప్పుడు ఏరినవాళ్లమే, ఇబ్బంది తెలియక చెప్పడం లేదు. అయినా తీసుకుపోవద్దనే మా మాట.

ఇక ఫోను సంగతి. చాలా ఇళ్లలో ఫోను నాయిన వెంట ఆటో మీదనో, చేనుకో పోయి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతుంది. అప్పటికి పిల్లలు నిద్రకు తూగుతుంటారు. సార్లు ఆగస్టు 27 నుంచి బడికి వస్తూనే ఉన్నారు. తెలుగు, సోషల్ వర్క్‌షీట్లు కాగితం మీద ఇమ్మని, వారానికొకసారి ఒక్కో వాడకు వచ్చి పిల్లల చేత చదివించుకొమ్మని అందరం కలిసి అడుగుదాం. పక్కనున్న కర్ణాటకలో 'విద్యాగమ' పేరుతో టీచర్లే ఊళ్లోకి వచ్చి చెట్ల కింద, గుడి దగ్గర చెబుతున్నారు. జిరాక్సు ఖర్చు మేం భరిస్తాం.

27 సెప్టెంబర్ 2020, ఆదివారం పొద్దున 9 గంటలకు గ్రామ పంచాయతీ ముందున్న వేపచెట్టు కిందికి రండి. టీవీ లేని ఇళ్లు, ఫోను లేని ఇళ్లు ఎవరివో పేర్లు రాసుకుందాం, వాళ్ల పిల్లలను ఎవరింటి టీవీ ముందు కూర్చోబెట్టాలో అక్కడే తేల్చుకుందాం. పిల్లల నోటు పుస్తకాలు వెంట తెండి. మాస్కు మరవొద్దు.

ఇట్లు
మన ఊరి డిగ్రీ, ఇంటర్ పిల్లలు